సింపై చాలాకాలం వాడాక: మోడల్ రాయడం సులువే, లెక్కల దగ్గరే అసలు పని

డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్, అంటే క్యూల్లాంటి వ్యవస్థల్ని ఒక్కో సంఘటన చొప్పున కంప్యూటర్లో నడిపి చూడటం, నేర్చుకోవాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలనే. నేను కొన్నేళ్లుగా వాడుతున్నది సింపై. పైథాన్‌లో రాసిన ఉచిత లైబ్రరీ, 2002 నుంచి ఉంది, 2020లో నాలుగో వెర్షన్ వచ్చింది. పైథాన్ వచ్చిన వాళ్లకి కళ్లు మూసుకుని ఇదే చెప్తాను, కానీ ఇది సగమే నేర్పుతుంది, మిగతా సగం మనమే తిప్పలు పడి నేర్చుకోవాలి.

మోడల్ రాయడం వరకూ వంక పెట్టడానికేం లేదు. కస్టమర్ వస్తాడు, కౌంటర్ ఖాళీగా లేకపోతే ఆగుతాడు, పని చేయించుకుని వెళ్లిపోతాడు. కోడ్ కూడా అచ్చం ఇదే వరసలో ఉంటుంది, ఆగాల్సిన ప్రతిచోటా ఒక యీల్డ్ (ఇక్కడ ఆగు అని చెప్పే పైథాన్ పదం). గడియారం ఒక ఈవెంట్ నుంచి తర్వాతి ఈవెంట్‌కి దూకుతుంది, మధ్యలో ఏమీ జరగదు కాబట్టి ఆ సమయాన్ని లెక్కపెట్టదు. ఓపిక నశించి క్యూ వదిలేసే కస్టమర్‌ని రాయాలన్నా రిక్వెస్ట్‌నీ (కౌంటర్ కావాలని అడగడం) టైమవుట్‌నీ (ఇంత సమయం గడవడం) ఒక నిలువు గీతతో కలిపితే చాలు, ఏది ముందు జరిగితే దాని దారిన పోతుంది. ఇక్కడొక తిరకాసుంది: రిక్వెస్ట్‌ని, పని అయ్యాక దానంతటదే విడిపించే విత్ బ్లాక్‌లో పెట్టకుండా, వెళ్లిపోయేటప్పుడు క్యాన్సిల్ కూడా చేయకపోతే మనిషి వెళ్లిపోయినా అతని రిక్వెస్ట్ క్యూలోనే ఉంటుంది, అతని వంతు వచ్చినప్పుడు లేని మనిషికి కౌంటర్ ఇచ్చేసి మళ్లీ ఎప్పటికీ విడిపించదు. ఎర్రర్ రాదు. క్యూ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. టైమవుట్ ముందు యీల్డ్ మర్చిపోయినా అంతే, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, సమయమే గడవదు.

ఇక స్టాటిస్టిక్స్. రెండో వెర్షన్‌లో ఈ లెక్కలు రాసిపెట్టే మానిటర్ అని ఒకటుండేది, మూడో వెర్షన్‌లో తీసేశారు. ఎవరెంతసేపు ఆగారు, క్యూ ఎంత పొడవైంది, అన్నీ మనమే లిస్టుల్లో దాచుకోవాలి. మొదట్లో చిరాకేస్తుంది. నేర్చుకునే వాళ్లకి మాత్రం ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రెడీమేడ్ రిపోర్ట్ చేతికొస్తే అందులో సగటు చూసుకుని సంతోషపడిపోతాం.

ఆ సగటు ఎంత మోసం చేస్తుందో చూడాలంటే ఒకే కౌంటర్ పెట్టి చూడండి. సగటున 5 నిమిషాలకొకరు వస్తారు, ఒక్కొక్కరికి సగటున 4 నిమిషాలు పడుతుంది. రెండూ కచ్చితంగా అంతే అయితే ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆగక్కర్లేదు. రాకల మధ్య వ్యవధిని ఎక్స్‌పొనెన్షియల్ చేసి (అంటే సగటు అదే, కానీ ఒక్కోసారి చాలా తక్కువ, ఒక్కోసారి చాలా ఎక్కువ) సర్వీస్‌ని సరిగ్గా 4 దగ్గరే ఉంచితే దీర్ఘకాలిక సగటు వెయిటింగ్ 8 నిమిషాలు, సర్వీస్ కూడా ఎక్స్‌పొనెన్షియల్ అయితే 16. ఇంకో అర నిమిషం పెంచి సర్వీస్ 4.5 చేయండి, 40.5కి ఎగబాకుతుంది! ఇవన్నీ క్యూయింగ్ సూత్రాలతో చేత్తో కట్టగలిగిన లెక్కలే, అందుకే కొత్త మోడల్ ఏది రాసినా ముందు ఈ చిన్న కేసుకి కుదించి సరిచూసుకోవడం నాకు అలవాటు. సరిపోకపోతే ముందు చూడాల్సింది ఒకటుంది: పైథాన్ రాండమ్ మాడ్యూల్‌లో ఎక్స్‌పోవేరియేట్‌కి రేటు (1ని సగటుతో భాగిస్తే వచ్చేది) ఇవ్వాలి, నంపై అనే లెక్కల లైబ్రరీలో ఎక్స్‌పొనెన్షియల్‌కి సగటు ఇవ్వాలి. తారుమారైతే ఎవరూ హెచ్చరించరు.

అదే 16 నిమిషాల మోడల్‌ని ఖాళీ క్యూతో మొదలుపెట్టి మోడల్ గడియారంలో 8 గంటలు నడిపితే ఒక సీడ్‌కి (రాండమ్ సంఖ్యల వరసని మొదలుపెట్టే అంకె) ఏడెనిమిది నిమిషాలు, ఇంకో సీడ్‌కి పాతిక రావడం మామూలే. అంటే ఒక రన్ ఇచ్చే సగటు మనకి ఒకే ఒక్క శాంపిల్. ఆ రన్‌లో వంద మంది కస్టమర్లున్నారు కదా, వంద శాంపిళ్లు కదా అనుకోకూడదు, ఎందుకంటే ముందువాడు ఎక్కువసేపు ఆగితే వెనకవాడూ ఆగుతాడు, ఆ సంఖ్యలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, విడివిడివి అనుకుని లెక్కేస్తే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటు ఉండొచ్చనుకునే పరిధి) ఉండాల్సిన దానికంటే బాగా సన్నగా వస్తుంది. వేర్వేరు సీడ్‌లతో 10 రన్‌లు నడిపి, 10 సగటుల మీద స్టాటిస్టిక్స్ టి పట్టికలోని విలువ 2.262తో 95 శాతం ఇంటర్వెల్ కట్టాలి. దాని వెడల్పు సగమవ్వాలంటే రన్‌లు దాదాపు నాలుగింతలవ్వాలి.

వార్మప్, అంటే ఖాళీ క్యూతో మొదలైన తొలి భాగం, కత్తిరించాలా వద్దా అనేది అందరికీ టెన్షనే. పొద్దున ఖాళీగా తెరిచి సాయంత్రం మూసేసే కౌంటర్ అయితే ఆ ఖాళీ మొదలు నిజమే కదా, దాన్నెందుకు కత్తిరించడం? రాత్రింబవళ్లు నడిచే వ్యవస్థ దీర్ఘకాలిక సగటు కావాలంటే మాత్రం కత్తిరించాల్సిందే. రెండు ప్లాన్లు పోల్చేటప్పుడు రాకలకొక రాండమ్ స్ట్రీమ్ (రాండమ్ సంఖ్యల వరస), సర్వీస్‌కొకటి విడిగా పెట్టి, రెండు ప్లాన్లకీ అవే కస్టమర్లని పంపిస్తే తేడా చాలా తక్కువ రన్‌లతోనే తేలుతుంది.

బొమ్మలు కదులుతూ కనిపించాలనుకునే వాళ్లకి ఇది పనికిరాదు, యానిమేషన్ అసలు లేదు. రికార్డింగ్ దానంతటదే జరగాలంటే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సిమ్మర్ అనే లైబ్రరీ ఉంది, అదీ ఉచితమే. స్పీడ్ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, పైథానే కదా. రన్‌లకి ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు కాబట్టి మల్టీప్రాసెసింగ్‌తో కంప్యూటర్ కోర్‌లన్నిటికీ పంచేస్తే పని గడిచిపోతుంది, సీడ్‌లు మాత్రం ఏ రన్‌కి ఆ రన్‌కి విడిగా ఇవ్వండి.