పళ్లున్న పక్షి కోసం కాన్సాస్ వెళ్తున్నారా? ముందు హేస్, తర్వాతే సుద్ద కొండలు

హెస్పరార్నిస్ అనే, ఎప్పుడో అంతరించిన పళ్లున్న పక్షి శిలాజం కోసమని డెన్వర్ నుంచి బయల్దేరి నేరుగా మాన్యుమెంట్ రాక్స్‌కి బండి తిప్పకండి. అక్కడ ఎత్తైన సుద్దరాతి గోడలుంటాయి, ఎదురుగాలి ఉంటుంది. పక్షి ఉండదు, టాయిలెట్టూ ఉండదు. ఎముకలు చూడాలంటే హేస్ ఊళ్లోని స్టెర్న్‌బర్గ్ మ్యూజియమే. డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద సుమారు ఐదు గంటల ప్రయాణం. దారిలో టైమ్ జోన్ మారి గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఆ లెక్క మరిచి మధ్యాహ్నం బయల్దేరితే తలుపులు మూశాక చేరతారు. ఏ హాలు తెరిచి ఉందో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది.

పిల్లలు ఎలాగూ చేపలో చేప ఉన్న శిలాజం దగ్గరే అతుక్కుపోతారు. మింగిన చేప జీర్ణం కాకముందే మింగింది చచ్చింది మరి! వాళ్లని అక్కడ వదిలి మీరు పక్షి దవడ దగ్గరికి వంగి చూడండి. కింది దవడలో ఒకే గాడిలో వరసగా పళ్లు. పై దవడలో వెనక భాగంలోనే ఉంటాయి, ముందు కొసంతా బోసి ముక్కు. రెక్క స్థానంలో మిగిలింది సన్నటి పుల్లలాంటి ఒక్క ఎముక. కాళ్లు మాత్రం బలంగా, బాగా వెనక్కి ఉంటాయి. ఎగరలేదు, నేల మీద సరిగా నడవనూ లేదు, నీళ్లలో కాళ్లతోనే ఈదేది. పొడవు దాదాపు 1.8 మీటర్లు. పాత బొమ్మల్లో పెంగ్విన్‌లా నిటారుగా నిలబెట్టారు, దాన్ని నమ్మకండి. శిలాజాల శాస్త్రవేత్త మార్ష్ బృందానికి 1871లో దొరికిన మొదటి అస్థిపంజరానికి తలే లేదు. పళ్ల సంగతి తర్వాతే బయటపడింది.

ఇక బస. హైవే ఎగ్జిట్ పక్కన ఒక మోటెల్ 79 డాలర్లని చూపించి, కౌంటర్ దగ్గర ‘అదనపు మనుషుల’ పేరుతో ఇంకో 15 రాసింది. టాక్సు వేరే. పిల్లలకు కూడా చార్జీనా అంటే కంప్యూటర్ వైపు చూపించడమే సమాధానం. ఉచిత బ్రేక్‌ఫాస్ట్ అంటే చల్లారిన గుడ్డు, మిషన్‌లో మీరే పోసుకునే వాఫిల్ పిండి. పెద్దవాళ్లు తోడుంటే వాళ్ల మొహాలు చూడలేం. మొత్తం ఎంతో, మనుషుల సంఖ్య చెప్పి బుకింగ్‌కి ముందే రాతలో తీసుకోండి. కూలర్‌లో పులిహోర, పెరుగు పెట్టుకోండి. శాకాహారులకు ఈ దారిలో చాలా ఊళ్లలో ఫ్రెంచ్ ఫ్రైసే గతి.

తిరుగు దారిలో ఓక్లీ దగ్గర దిగి లిటిల్ జెరూసలేం పార్కు చూడండి. బండికి రోజుకు 5 డాలర్ల పర్మిట్. సుద్ద లోయ అంచు నుంచి చాలా దూరం దాకా కనబడుతుంది, ఆ డబ్బుకి నూరుపాళ్లు న్యాయం. ఆ నేలంతా ఒకప్పటి సముద్రపు అడుగే. శిలాజం కనబడినా ముట్టుకోకూడదు, తెచ్చుకోకూడదు.

మాన్యుమెంట్ రాక్స్‌కి టికెట్ లేదు. కానీ అది ప్రైవేటు పశువుల మేత భూమి, గోడలెక్కకూడదు. చివరి మైళ్లన్నీ మట్టి రోడ్డు. ముందురోజు వాన పడిందంటే తడిసిన మట్టి టైర్లకు పట్టుకుని కారు జారుతుంది, ఫోన్ సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు. అలాంటి రోజు తారు రోడ్డు దిగకుండా ఇంటికి బయల్దేరండి.