రంగు గుడ్ల క్రాస్ కోళ్లు: ఆరేళ్లు పెంచాక నా అనుభవం

ఈ కోళ్ల మీద మనసు పడేవాళ్లందరూ ముందు ఒక బుట్ట ఫోటో చూసి పడతారు. నీలం, ఆకుపచ్చ, లేత గులాబీ, ముదురు చాక్లెట్ రంగు గుడ్లన్నీ ఒకే బుట్టలో సర్ది తీసిన ఫోటో. నేనూ అలాగే పడ్డా. ఆరేళ్ల తర్వాత చెప్తున్నా, ఆ ఫోటో అబద్ధమేం కాదు, కాకపోతే అలాంటి బుట్ట మా ఇంట్లో నిండటానికి కొన్నేళ్లు పట్టింది, అది కూడా ఏడాదంతా కాదు, పొద్దు పెద్దగా ఉండే కొన్ని నెలలే.

వీటిని ఈస్టర్ ఎగ్గర్ అని అమ్ముతారు. పేరు చూసి అదేదో జాతి అనుకునేరు, కాదు. నీలం గుడ్డు జీన్ ఉన్న కోడిని వేరే ఏ కోడితో కలిపినా పుట్టేదాన్ని ఈ పేరుతోనే పిలుస్తారు. ఆ జీన్ ఎక్కువగా వచ్చింది చిలీ నుంచి వచ్చిన అరౌకానా కోళ్ల వైపు నుంచి. వాటి నుంచే అమెరికాలో అమెరౌకానా అని ఒక జాతిని తీర్చిదిద్దారు, 1984లో అక్కడి పౌల్ట్రీ అసోసియేషన్ దాన్ని జాతిగా ఒప్పుకుంది. మనకి దొరికేవి ఈ రెండూ కావు, వీటి మనవలూ మునిమనవలూ. అందుకే నేను తెచ్చిన ఆరు పిల్లల్లో ఒకటి ఇంకోదానిలా లేదు. ఒకదానికి చెంపల మీద పిల్లి మీసాల్లా గుబురు ఈకలు, దాని పేరు గడ్డం. ఒకటి బూడిద రంగు, పొగ. ఇంకోదాని ఒంటి నిండా చుక్కలు, కాళ్లేమో పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉండేవి, అది చుక్కి. మిగతా ఒక పెట్టకి నీలి అని పేరు పెట్టింది మా చిన్నోడు, అది గుడ్డుకి రాకముందే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ నవ్వింది గానీ చివరికి వాడి మాటే నిజమైంది.

ఆరు అన్నాను, నాలుగే చెప్పాను కదా. మిగతా రెండూ పుంజులు. అన్నీ పెట్టలే అని అమ్మినాయన అంత గట్టిగా చెప్పాక, పదో వారంలో ఒకటి గొంతు సవరించుకుని కూత మొదలెడితే మా మొహాలు చూడాలి. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు, ఒక్కో పెట్ట రోజుకో రంగు గుడ్డు పెడుతుందని. అది శుద్ధ తప్పు. ఏ పెట్టకైనా పుట్టుకతో వచ్చిన రంగు ఒక్కటే, బతికినన్నాళ్లూ అదే, ఛాయ కొంచెం ముదురు లేతా అవుతుంది అంతే. నాలుగు రంగులు కావాలంటే కనీసం నాలుగు పెట్టలు కావాలి, అవి కూడా నాలుగు రకాలవి పడాలి, ఆ పడటం మన చేతిలో లేదు.

మామూలు గుడ్ల కోళ్లు 20 వారాలు అటూ ఇటూగా గుడ్డుకొస్తాయి, మావి 27వ వారం దాకా నాన్చాయి. మనం దగ్గరికెళ్తే రెక్కలు కొంచెం విప్పి నేలకి అణిగి కూర్చుంటే గుడ్డు దగ్గర్లో ఉందని లెక్క. ముందు గడ్డం అలా కూర్చుంది, నాలుగు రోజులకి పెట్టింది, చూస్తే గోధుమ రంగు. అంతే, మామూలు గోధుమ రంగు గుడ్డు. ఇంత ఎదురుచూసింది దీనికా అనిపించింది. క్రాస్ కోళ్లలో ఇది మామూలే, నీలం జీన్ అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కటే అందినవాటి పిల్లల్లో సగం దాకా ఆ జీన్ రాకపోవచ్చు. తర్వాత రెండు వారాలకి నీలి పెట్టిన గుడ్డు మాత్రం, గూట్లో పొట్టు మీద లేత ఆకాశం ముక్క పడున్నట్టుంది. పొగది పచ్చ, చుక్కిది ముదురు ఆలివ్, అంటే గోధుమ కలిసిన ఆకుపచ్చ.

ఈ రంగు సంగతి నాకు అర్థమైంది పుస్తకంతో కాదు, గుడ్డు పగలగొట్టాక పెంకు చేతిలో పట్టుకుని. మీరూ చూడండి, లోపలి పొర వేలిగోరుతో పట్టి మెల్లిగా లాగేస్తే నీలి గుడ్డు పెంకు లోపల కూడా నీలమే. గడ్డం గుడ్డు లోపల తెలుపు. అసలు చిత్రం చుక్కిది, బయట ఆలివ్, లోపల నీలం! ఎందుకంటే నీలం అనేది బిలివెర్డిన్ అనే రంగు పదార్థం, పెంకు తయారవుతున్నంత సేపూ అందులో కలుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా పడుతుంది. గోధుమ రంగు అలా కాదు, ఎక్కువ భాగం చివరి కొన్ని గంటల్లో పైన సున్నం కొట్టినట్టు పడే పూత. నీలం గోడ మీద గోధుమ పూత పడితే మన కంటికి పచ్చ, పూత ఎంత మందమైతే అంత ఆలివ్. ఇంకో వింత, ఈ నీలం రావడానికి కారణం ఎప్పుడో పూర్వం ఒక వైరస్ ముక్క కోడి జన్యువుల్లో దూరి అక్కడే ఉండిపోవడమని 2013లో తేలింది. రోగం తెచ్చేదేం కాదు, భయపడక్కర్లేదు, తరతరాలుగా వాటిలో భాగమైపోయింది.

సరే, రంగు అందమే గానీ రుచికీ బలానికీ దాంతో సంబంధం లేదు. పచ్చసొన ముదురుగా ఉందంటే అది తిన్న మేత, ఆకు వల్ల, పెంకు వల్ల కాదు. నీలం గుడ్డు ఒంటికి మంచిదని ఎవరైనా ఎక్కువ రేటు చెప్తే నమ్మొద్దు. మరి ఆరేళ్లు ఎందుకు పెంచుతున్నావంటే, నాకు దొరికిన ఉపయోగం వేరే. ఏ గుడ్డు ఎవరిదో తెలుస్తుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కోళ్లు పెంచేవాళ్లని అడగండి. అన్నీ ఒకే రంగు పెడుతుంటే ఆరు గుడ్లు రావాల్సిన చోట ఐదొస్తే పెట్టంది ఎవరో తేల్చుకోవడానికి కాపలా కాయాలి. నాకు బుట్టే హాజరు పట్టీ.

మూడో ఏడు ఒక పొద్దున గూడు తెరిస్తే, కోళ్లు కూర్చునే కర్ర కింద రెట్టలో పెంకు లేని గుడ్డు పడుంది. తోలు సంచిలా మెత్తగా, పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోతోంది. పెంకే లేదు కాబట్టి రంగూ లేదు, ఎవరిదో ఎలా తెలుస్తుంది? సాయంత్రానికి గోధుమ వచ్చింది, పచ్చ వచ్చింది, ఆలివ్ వచ్చింది, నీలం రాలేదు. నీలిని విడిగా పెట్టి చూశా, బాగానే తింటోంది, నీరసం లేదు. తప్పు నాదే, ఆల్చిప్పల పొడి గిన్నె ఖాళీ అయ్యి ఎన్ని రోజులైందో నాకే గుర్తులేదు, పైగా పిల్లలు సరదాకి గింజలు తెగ వేసేవాళ్లు, దాంతో లేయర్ మేత, అంటే గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే మేత, సరిగ్గా తినడం మానేసింది. పొడి మళ్లీ పెట్టి గింజలు తగ్గించాక వారం దాటేసరికి గట్టి పెంకు వచ్చింది. ఆ పొడి మేతలో కలపకండి, వేరే గిన్నెలో పెట్టండి, కావాల్సిందే వెళ్లి తింటుంది, పుంజుకీ పిల్లలకీ అంత కాల్షియం మంచిది కాదు.

ఇంకోసారి చుక్కి ఆలివ్ గుడ్డు రోజురోజుకీ వెలిసిపోతూ వచ్చి దాదాపు నీలంలా అయిపోయింది. ఏడాది గుడ్లు పెట్టి పెట్టి చివరికొచ్చేసరికి గోధుమ పూత పల్చబడటం మామూలే, కానీ అప్పుడు ఇంకా సీజన్ మధ్యలో ఉన్నాం, పైగా దాని జుట్టు, అదే తల మీద ఎర్రగా ఉండే తురాయి, కూడా ఎరుపు తగ్గి పాలిపోయింది. అనుమానం వచ్చి రాత్రి లైటు పట్టుకుని వెళ్లి తెల్ల గుడ్డతో కర్ర అడుగున తుడిచా. గుడ్డ మీద ఎర్రటి గీతలు, నెత్తురే. ఎర్ర పేలు. అవి పగలంతా చెక్క సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి, అందుకే పగలు కోడిని ఎంత వెతికినా ఒక్కటి కనపడదు. గూడంతా ఖాళీ చేసి, కర్రలు పీకి, సందుసందూ కడిగి మందు కొట్టి, మళ్లీ వారానికి ఇంకోసారి కొట్టాం. ఒళ్లు హూనమైంది. రంగు వెలవకపోయి ఉంటే ఇంకో నెల పట్టించుకునేవాణ్ని కాదేమో.

నాలుగో ఏడు పొగ పొదుగుకి కూర్చుంది. చెయ్యి పెడితే ఈకలన్నీ లేపి కుట్టినట్టు పొడిచేది. అప్పటికి మా దగ్గరున్న పుంజు గోధుమ గుడ్ల జాతిది. పొగ కింద గుడ్లు పెడితే 21 రోజులకి ఏడు పిల్లలు లేచాయి, నాలుగు పెట్టలు తేలాయి. జుట్టు చూసి రంగు పసిగట్టొచ్చంటారు, ఎందుకంటే బఠాణీ గింజలు వరస పేర్చినట్టుండే పొట్టి జుట్టు జీనూ నీలం గుడ్డు జీనూ పక్కపక్కనే ఉంటాయి, చాలాసార్లు కలిసే పిల్లకి అందుతాయి. మా నాలుగింటిలో రెండింటికి ఆ జుట్టు, ఆ రెండూ పచ్చ గుడ్లు పెట్టాయి, నిలువు జుట్టువి రెండూ గోధుమ. ప్రతిసారీ ఇలా కలిసొస్తుందని కాదు, మాకు కలిసొచ్చింది. అందులో ఒకదాని గోధుమ గుడ్డు మీద తెల్ల పొడిలాంటి పూత మందంగా ఉండి గులాబీగా కనిపిస్తుంది, మా ఆవిడ మొదటిసారి మురిసిపోయి కడిగింది, కడిగితే గులాబీ కొట్టుకుపోయి మామూలు గుడ్డు మిగిలింది. అప్పటి నుంచి మా ఇంట్లో గుడ్లు వాడే ముందే కడుగుతాం. ఆ పూత ఉంటే ఎక్కువ రోజులు నిల్వ కూడా ఉంటాయి.

ఫిర్యాదులూ ఉన్నాయి. లెక్కకి గుడ్లే కావాలంటే ఇవి వద్దు, దాని కోసమే తయారైన లేయర్ కోళ్ల ముందు ఇవి నిలబడవు. మావి బాగా పెట్టే రోజుల్లో వారానికి నాలుగు, పొద్దు తగ్గితే ఒకటి రెండు, ఈకలు రాల్చే రెండు మూడు నెలలు సున్నా. ఆ టైములో చూస్తే జాలేస్తుంది, సగం పీకిన దిండులా తిరుగుతుంటాయి. రోజుకి 14 గంటలు దాటి వెలుతురు ఉండేలా లైటు పెడితే పెడతాయి, ఒక ఏడాది పెట్టి మానేశా, వాటికీ సెలవు ఉండాలిగా. ఇంకోటి, చెంపల గుబురు ఈకలు నీళ్ల గిన్నెలో తడిసి మేత అంటుకుని అట్టలు కడతాయి, ముక్కుతో పొడిస్తే చుక్కచుక్కగా నీళ్లొచ్చే నిపుల్ డబ్బా పెట్టాక ఆ గొడవ తగ్గింది. స్వభావానికి మాత్రం వంక పెట్టలేను. ఒక్క పొగ పొదుగు రోజులు తీసేస్తే అన్నీ కాళ్లలో కాళ్లలో తిరిగే రకాలే, గద్ద నీడ పడితే అందరికంటే ముందు పొదల్లోకి దూరేవీ ఇవే.

కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, నీలమే కావాలని పంతముంటే క్రాస్ జోలికి రాకుండా అసలు అమెరౌకానా వెతుక్కోండి. ఏం వచ్చినా సరే అనుకుంటేనే ఇవి. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తా, ఆ ఒక్క మార్కు పేల రాత్రికి కోసేశా.

మొదటి బ్యాచ్‌లో ఇప్పుడు గడ్డం, నీలి మిగిలాయి. గడ్డం గుడ్లు మానేసి చాలా రోజులైంది, ఎండలో మట్టి స్నానం చేసుకుంటూ పెద్దరికం చేస్తోంది. నీలి ఈకలు రాల్చడం మొదలెట్టి 40 రోజులైంది, మెడ మీద కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తున్నాయి. బుట్టలో నీలం లేదు. రోజూ పొద్దున దాని గూడే ముందు తెరుస్తున్నా.