‘డర్టీ డజన్’ చూసేశాం, తర్వాత ఏది?

‘డర్టీ డజన్’ బాగుంది, అలాంటిదే ఇంకోటి చెప్పు అని ఈ మధ్య నన్ను అడిగినవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి, పోయిన శని, ఆదివారాల్లో మా బావని కూర్చోబెట్టుకుని మూడు సినిమాలు వరసగా మళ్లీ చూశాను. 1967 నాటి ‘ది డర్టీ డజన్’, 1969 నాటి ‘ప్లే డర్టీ’, 1970 నాటి ‘టూ లేట్ ది హీరో’. మూడింట్లోనూ సరుకు ఒకటే: రెండో ప్రపంచ యుద్ధం, ఎందుకూ కొరగారని పేరుపడ్డ ఓ గుంపు, తిరిగొస్తారన్న నమ్మకం లేని ఓ పని, ఆ పని చెప్పి ఫ్యాను కింద కూర్చునే పై అధికారులు. ముగింపులు చెప్పకుండా వీటిని పోల్చడం నావల్ల కాదు. చూడనివాళ్లు చూసొచ్చాకే మిగతాది చదవండి.

నేను చూసేది ఒక్కటే, చివరి పది నిమిషాలు. యుద్ధాన్ని వెటకారం చేసే సినిమాలు మొదటి గంటంతా భలే ధైర్యంగా ఉంటాయి. జనరల్ మూర్ఖుడు, ఆర్డర్ తప్పు, జెండా వట్టి గుడ్డముక్క అని గట్టిగానే అంటాయి. చివరికొచ్చేసరికి మాత్రం నిర్మాత గుర్తొస్తాడో, టికెట్ కొన్నవాడు గుర్తొస్తాడో గానీ ‘ఏదేమైనా మనవాళ్లు వీరులే సుమా’ అని మాట మారుస్తాయి. మారిస్తే సినిమా చెడ్డదైపోదు. కాకపోతే చేదు సినిమా కావాలని కూర్చున్నవాడికి ఆఖర్న ఎవరో చెంచాడు పంచదార కలిపి ఇచ్చినట్టుంటుంది.

‘డర్టీ డజన్’ సంగతే చూడండి. వినోదం లెక్కన మూడింట్లో ఇదే పైన ఉంటుంది, అందులో నాకేం అనుమానం లేదు. డైరెక్టర్ రాబర్ట్ ఆల్డ్రిచ్ రెండున్నర గంటల సినిమాలో సగానికి పైగా ఆ పన్నెండు మంది సైనిక ఖైదీల శిక్షణకే ఇచ్చేశాడు, అయినా ఎక్కడా బోరు కొట్టదు. వాళ్లని నడిపించే మేజర్‌గా వేసిన లీ మార్విన్ 1944లో సైపాన్ దీవిలో నిజంగానే గాయపడ్డ అమెరికన్ మెరైన్ సైనికుడు, ఆ మొహంలో నటన కాని అలసట ఏదో ఉంటుంది. ఖైదీల్లో ఒకడిగా వేసిన జాన్ కాసవెటీస్‌కి ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు. చివర్లో జర్మన్ అధికారులనీ, వాళ్లతో వచ్చిన ఆడవాళ్లనీ నేలమాళిగలో పెట్టి తాళం వేసి, గాలి గొట్టాల్లోంచి గ్రెనేడ్లు వేసి పెట్రోలు పోసే సీను ఇప్పుడు చూసినా కడుపులో తిప్పుతుంది. అక్కడే ఆపేసి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేదేమో. ఆపలేదు. తర్వాత ఆసుపత్రి మంచాలు, పరామర్శకు వచ్చిన జనరళ్లు, పోయినవాళ్లు విధి నిర్వహణలో పోయారని ఇంటికి కబురు, ఓ జోకు. పద్దు మూసేశారు.

‘టూ లేట్ ది హీరో’ కూడా ఆల్డ్రిచ్‌దే. పసిఫిక్‌లో ఒక దీవి, ఒక బ్రిటిష్ స్థావరం, దాని ముందు ఏ చాటూ లేని బయలు, అవతల అడవిలో జపాన్ సైన్యం. ఆ అడవిలోకి వెళ్లి రేడియో ట్రాన్స్‌మిటర్ పేల్చి రావాలి. ఈ గుంపులో ఎవడికీ వెళ్లాలని లేదు, ఆ మాట దాచుకోరు కూడా, అది నాకు నచ్చింది. మైకేల్ కెయిన్ ఇందులో మామూలు సిపాయి. కెయిన్ నిజ జీవితంలోనూ కొరియా యుద్ధంలో సిపాయిగా పనిచేశాడు, అందుకేనేమో ఆ గొణుగుడు అంత సహజంగా ఉంటుంది. ఆఖరున ఆ బయల్లో పరుగు మాత్రం గుండె దడ పుట్టించే పరుగే, అబద్ధం ఎందుకు. అయితే పరుగంటేనే హీరోయిజం, ఎంత వద్దనుకున్నా మనం వాళ్లవైపు అయిపోతాం. పేరులోనే ఉంది కదా, ఆలస్యమైనా హీరోయే.

ఇక ‘ప్లే డర్టీ’. పేరు వినగానే ‘డర్టీ డజన్’కి చవక నకలు అనుకుంటారు, నేనూ మొదట అలాగే అనుకుని ఏళ్ల తరబడి పక్కన పెట్టాను. అప్పట్లోనూ సరిగ్గా ఆడలేదు. జేమ్స్ బాండ్ సినిమాల భాగస్వామి హ్యారీ సాల్ట్జ్‌మన్ నిర్మాత, స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారిలో షూటింగ్. మొదట అనుకున్న డైరెక్టర్ రెనే క్లెమాఁ తప్పుకుంటే, నిర్మాణం పనులు చూసుకుంటున్న ఆండ్రే డి టాత్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఈ డి టాత్‌కి ఒకటే కన్ను. అయినా 1953లో త్రీడీ సినిమా ‘హౌస్ ఆఫ్ వ్యాక్స్’ తీసి హిట్ కొట్టాడు, ఆ త్రీడీ తనకే కనిపించదు పాపం.

సినిమా మొదలవడమే ఓ జీపుతో. పక్క సీట్లో శవం, గాల్లో ‘లిలీ మార్లీన్’ పాట, తోలుతున్న లీచ్ మొహంలో ఏమీ లేదు. ఈ లీచ్ జైల్లోంచి తెచ్చిన మనిషి. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ల వెనక్కి వెళ్లి పెట్రోలు డిపో తగలబెట్టే గుంపుని నడిపేది తనే. పేరుకి కమాండర్‌గా కెప్టెన్ డగ్లస్‌ని, అంటే మళ్లీ కెయిన్‌ని, పంపిస్తారు. నిజానికి ఈ డగ్లస్ బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ మనిషి, యుద్ధం కోసం యూనిఫాం తొడిగారంతే. అతన్ని ప్రాణాలతో తిరిగి తెస్తే 2,000 పౌండ్లు ఇస్తామని లీచ్‌కి అతని పై అధికారి, ఓ కల్నల్, ఆశ చూపుతాడు. నా మటుకు సినిమా ప్రాణం ఈ బేరంలోనే ఉంది. మిగతా రెండు సినిమాల్లో ఒకడు ఇంకొకణ్ని కాపాడితే అది స్నేహమో, పశ్చాత్తాపమో అయి కూర్చుంటుంది. ఇక్కడ కాపాడటం కూలి పని, రేటు ముందే మాట్లాడుకున్నారు. ఆ ఇద్దరి మధ్య తర్వాత ఏదో మర్యాదలాంటిది మొలుస్తుంది గానీ, అది స్నేహమా లేక 2,000 పౌండ్లేనా అన్నది సినిమా తేల్చి చెప్పదు.

పై అధికారుల సంగతి ఇంకా ఘోరం. డగ్లస్ గుంపుని ఎరగా ముందు నడిపించి, అసలు పనికి వెనకాల వేరే దళాన్ని పంపుతాడు బ్రిగేడియర్. జర్మన్లు మాటు వేసింది ఆ వెనకాల వచ్చిన దళం మీద. పైనుంచి చూస్తున్న డగ్లస్ సొంత సైనికులని హెచ్చరించబోతే లీచ్ కత్తి పెట్టి ఆపుతాడు, అరిస్తే తాము కూడా దొరికిపోతారు కాబట్టి. అంతసేపూ కెమెరా దూరంగానే ఉంటుంది. అంతమంది చచ్చిపోవడాన్ని మనం కూడా కొండమీద కూర్చుని చూస్తాం, ఏమీ చేయం.

తీరా వెళ్తే ఆ డిపో ఉత్త డొల్ల, విమానాలని మోసం చేయడానికి కట్టిన బొమ్మ డిపో. సరే, రేవులో ఉన్న అసలు డిపోకి పోదాం అనుకుంటారు. ఈలోగా బ్రిటిష్ సైన్యం ముందుకొచ్చేస్తుంది, పెట్రోలు తమకే కావాలి, తగలబెట్టొద్దని వీళ్లకి చెప్పే దారి లేదు. అందుకని పై అధికారులే వీళ్ల ఆచూకీ జర్మన్లకి చేరవేస్తారు! ఇక్కడ మా బావ టీ గ్లాసు కింద పెట్టి ‘బామ్మర్దీ, వెనక్కి పెట్టు, నేను సరిగ్గా విన్నానా’ అన్నాడు. సరిగ్గానే విన్నాడు.

తప్పులు లేవని కాదు. లీచ్, డగ్లస్ తప్ప మిగతా గుంపులో ఎవరి పేరూ సినిమా అయ్యాక గుర్తుండదు, ఆ విషయంలో ‘డర్టీ డజన్’ ఎక్కడో ఉంది. జర్మన్ నర్సు పాత్రని వాడుకున్న తీరు అప్పటికి కూడా మొరటే. మధ్యలో నిటారుగా ఉన్న కొండ అంచు మీదికి బళ్లని ఉక్కు తాళ్లతో లాగే ఘట్టం చాలామందికి సాగదీత అనిపిస్తుంది. నాకు మాత్రం అదే ప్రాణం. మాటల్లేవు, తుపాకీ మోత లేదు, ఎండలో చెమట కార్చుకుంటూ లాగడం, జారడం, మళ్లీ లాగడం. ఇంత చాకిరీ ఓ బొమ్మ డిపో కోసం అని తర్వాత తెలిసినప్పుడు ఆ సాగదీతకి అర్థం తెలుస్తుంది. (ఇలాంటి చాకిరీ ఉత్తర ఆఫ్రికా ఎడారిలో నిజంగా చేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అక్కడ పోరాడిన నాలుగో భారత డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ (సైన్యంలో దారులు, వంతెనలు వేసే ఇంజనీరింగ్ దళం) కంపెనీ ఉండేది. సైనికుల ఊరిగా పేరుపడ్డ, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరానికి ఆ పేరు ఊరికే రాలేదు. ఈ కథలో మాత్రం వాళ్లకు చోటు లేదు.)

చివరి పది నిమిషాలన్నాను కదా. మిగిలింది డగ్లస్, లీచ్, ఇద్దరే. ఒంటిమీద జర్మన్ యూనిఫాం. బ్రిటిష్ సైన్యం ఊళ్లోకి వచ్చేసింది. తెల్లజెండా పట్టుకుని బయటికి నడుస్తారు. తెల్లజెండా గమనించని ఓ బ్రిటిష్ సిపాయి ఇద్దర్నీ కాల్చేస్తాడు. అంతే, పతకం లేదు, ఇంటికి కబురు లేదు, సినిమా అయిపోయింది. ఇప్పుడా 2,000 పౌండ్లు ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఇంకా ‘టోబ్రుక్’, ‘కెల్లీస్ హీరోస్’ సంగతేంటని అడుగుతారు. మొదటిది 1967లో వచ్చింది, అందులోనూ ఇదే ఎడారి, ఇదే పెట్రోలు డిపో, రాక్ హడ్సన్, మంటలు బాగుంటాయి. రెండోది బంగారం దోపిడీ కామెడీ, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి చూడ్డానికి సరిపోతుంది.

ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు అందరూ కూర్చుంటే ‘డర్టీ డజన్’ పెట్టండి, ఆ నేలమాళిగ సీను దగ్గర చిన్నపిల్లల్ని లోపలికి పంపించి. ఒక్కరే రాత్రిపూట చూసేట్టయితే ‘ప్లే డర్టీ’. రెండూ చూడాలంటే మాత్రం డజన్ ముందు, ఇది తర్వాత. నేను ఈసారి తిరగేసి చూసి పాడుచేసుకున్నాను. ఆసుపత్రి సీనులో జనరళ్లు నవ్వుతూ లోపలికొస్తుంటే, వీళ్లలో ఆచూకీ చేరవేసింది ఎవరై ఉంటారా అని మొహాలు వెతుకుతూ కూర్చున్నాను.