పర్ణశాలల పండుగ వారంలో యెరూషలేము: ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

మన చర్చిల నుంచి వెళ్లే హోలీల్యాండ్ బస్సులు బేత్లెహేము, నజరేతు, గలిలయ సముద్రం, యొర్దాను నది అన్నీ చకచకా తిప్పేసి తీసుకొచ్చేస్తాయి. అవి చూడొద్దని కాదు. కానీ ఆ దేశపు నేల సంగతి, నీళ్ల సంగతి అర్థం కావాలంటే యూదుల పండుగ ఒకదాన్ని పట్టుకుని వెళ్లాలి. నా ఓటు పర్ణశాలల పండుగకే. వాళ్లు సుక్కోత్ అంటారు. 2026లో సెప్టెంబరు 25 సాయంత్రం మొదలవుతుంది.

వేసవి నాలుగైదు నెలలూ అక్కడ వాన ఊసే ఉండదు. మనకు జూన్‌లో వచ్చే తొలకరి వాళ్లకు అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. ద్రాక్ష, అంజూరం, ఖర్జూరం ఇంటికి చేరే వేళకి నీళ్ల తొట్లు అడుగంటుతాయి. పంట చేతికొచ్చిన సంబరం, వాన పడుతుందో లేదోనన్న టెన్షన్ ఒకే వారంలో కలుస్తాయి. పండుగ ఏడు రోజులూ అయ్యాక ఎనిమిదో రోజున వాన కోసం ప్రార్థన చేస్తారు. మనలాగే వాళ్లూ చాంద్రమాన నెలలకు అధికమాసం కలుపుతారు కాబట్టి పండుగ ఋతువు తప్పదు. పౌర్ణమికి మొదలవుతుంది. పండుగకు వేసుకునే పందిరి (అదే పర్ణశాల) పైన ఆకులు ఎంత వేసినా సందుల్లోంచి చుక్కలు కనపడాలని నియమం.

పండుగకు ముందురోజుల్లో మహనే యెహూదా మార్కెట్ వైపు వెళ్లండి. ఈ పండుగకు చేతబట్టాలని లేవీయకాండంలో చెప్పిన నాలుగు రకాలూ అక్కడ అమ్ముతారు: దబ్బపండు, విచ్చుకోని ఖర్జూరపు మొవ్వు, మిర్టిల్ కొమ్మలు, విల్లో కొమ్మలు. ఒక కుర్రాడు దబ్బపండు ముచికను భూతద్దంలో చూస్తున్నాడు. చిన్న మచ్చ కనిపిస్తే పక్కన పెట్టి ఇంకోటి తీస్తాడు. పెళ్లిసంబంధాలక్కూడా ఇంత పరీక్ష ఉండదు. అమ్మేవాడు విసుక్కోడు, ఎందుకంటే ఒక్కో మంచి కాయ ధర ఓ పూట హోటల్ భోజనం అంత ఉంటుంది. దబ్బకాయ పచ్చడి గుర్తొచ్చి నాకైతే ప్రాణం ఉసూరుమంది.

ఆ నాలుగూ ఒకేచోట పెరిగేవి కావు. ఖర్జూరం లోయలోని వేడికి, మిర్టిల్ కొండలకు, విల్లో వాగు ఒడ్డుకు, దబ్బ నీళ్లు పెట్టే తోటకు చెందినవి. అంటే చేతిలో పట్టుకునే ఆ కట్ట దేశపటం లాంటిదే. ఇది చెట్ల దగ్గరే చూడాలంటే మోదిఈన్ దగ్గరి నియోత్ కెదుమీమ్‌కి వెళ్లాలి. బైబిల్లోని చెట్టూచేమా పెంచుతున్న ఆరువందల ఎకరాల పైచిలుకు వనం అది. శిథిలాలు లేవని టూర్లవాళ్లు వదిలేస్తారు. నాకు మాత్రం ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చింది ఇదే. బస్సుల మీద ఆధారపడితే కష్టం, టాక్సీయో అద్దె కారో ఉండాలి. పెద్దవాళ్లుంటే లోపల తిరగడానికి బ్యాటరీ బండి ముందే చెప్పి ఉంచుకోవాలి, పండుగ మధ్యరోజుల్లో పిల్లలతో కిటకిటలాడుతుంది.

రెండో మార్కు సిలోయము కోనేటికి. దేవాలయం ఉన్న రోజుల్లో పండుగ వారమంతా యాజకుడు ఇక్కడి నీళ్లు బంగారు పాత్రలో మోసుకెళ్లి బలిపీఠం మీద పోసేవాడు. పండుగ చివరి రోజున యేసు, దప్పిగొన్నవాళ్లు తన దగ్గరికి రమ్మని కేక వేసి చెప్పిన మాట (యోహాను 7) ఆ నేపథ్యంలో చదివితే వేరేలా వినిపిస్తుంది. ఆ నీళ్లు గీహోను ఊట నుంచి, యూదా రాజు హిజ్కియా తవ్వించిన సొరంగం గుండా వస్తాయి. పొడవు 533 మీటర్లు. రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలిపారు. మొదట్లో నీళ్లు తొడల దాకా వస్తాయి, తర్వాత మోకాళ్లకు దిగుతాయి. టార్చి, తడిసినా జారని చెప్పులు తప్పనిసరి. ఇరుకంటే భయమున్నవాళ్లకు పక్కనే నీళ్లు లేని పాత సొరంగం ఉంది. ఈ చోటు సిల్వాన్ అనే పాలస్తీనీయుల పేటలో ఉంది. తవ్వకాల మీద అక్కడివాళ్లకు గట్టి అభ్యంతరాలున్నాయి. గైడు మాత్రం ఆ మాట ఎత్తలేదు.

ఖర్జూర వనాల కోసం మృత సముద్రం ఒడ్డునున్న ఏన్గెదీకి వెళ్దామనుకుంటే పండుగ వారంలో వద్దంటాను. వాగు దారి పొడవునా జనమే. దాని బదులు యెరికో మేలు. పాలస్తీనా అథారిటీ కింద ఉన్న ఊరు కాబట్టి ఇజ్రాయెల్ పండుగ రద్దీ అక్కడికి రాదు. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. మెజూల్ ఖర్జూరాల కోత కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

ఇక బస. పశ్చిమ యెరూషలేములో నేను దిగిన హోటల్ పండుగ భోజనాన్ని తప్పనిసరి చేసి బిల్లులో కలిపేసింది. పందిరి బాగా వేశారు, అది ఒప్పుకోవాలి. అందులో కూర్చుని తినడం మంచి అనుభవమే, కానీ ఒక రాత్రికి చాలు. ఆ తర్వాత పాత నగరంలో క్రైస్తవ గెస్ట్‌హౌస్‌కి మారాను. గది చిన్నది, రాత్రి గేటు వేళకి మూసేస్తారు. అయినా ధర ఎక్కదు, వేడి వేడి తిండి దొరుకుతుంది, దమస్కు గుమ్మం దగ్గర అరబ్బు బస్సులు పండుగరోజునా నడుస్తాయి.

తెల్ అవీవ్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్న మా ఊరి అక్క ముందే చెప్పింది: "పండగ మొదలయ్యే రోజు మధ్యాహ్నం దాటాక బస్సు, రైలు మీద ఆశ పెట్టుకోకు తమ్ముడూ. పొద్దున్నే చేరుకో, పండ్లూ రొట్టెలూ కొనిపెట్టుకో." అక్షరాలా నిజం. పండుగ మొదటి రోజు, ఎనిమిదో రోజు, మధ్యలో శనివారం వస్తే అదీ ప్రయాణం లేని రోజులుగా లెక్కేసుకుని ప్లాన్ చేసుకోండి. 2026లో మొదటి రోజూ ఎనిమిదో రోజూ శనివారాలే. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగింది ఈ పండుగ ముగిసే రోజునే. విదేశాంగ శాఖ సూచనలు చూసుకుని, రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చే బుకింగులే తీసుకోవాలి.

ఆ సీజన్లో సెలవు దొరకనివాళ్లకు వారముల పండుగ ఉంది, మే, జూన్ నెలల్లో వస్తుంది. గోధుమ కోతల కాలం, రూతు గ్రంథం చదివే పండుగ. ఇజ్రాయెల్‌లో ఒక్క రోజే కాబట్టి బస్సుల ఇబ్బందీ ఒక్క రోజే, పక్కనే శనివారం వస్తే రెండు. రూతు పరిగె ఏరుకుందని చెప్పుకునే, బేత్లెహేము పక్కన బేత్ సహూర్ పొలాల వైపు ఒక పూట పెట్టుకుంటే చాలు.