స్లైడ్-అవుట్ సీల్ కారుతుంటే: అతుకు వేయాలా, కొత్తది వేయాలా?

బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లే ట్రావెల్ ట్రైలర్. దాని గోడలోంచి బయటికి జరిగే గదిని స్లైడ్-అవుట్ అంటారు. అమెరికాలో ట్రైలర్ కొనుక్కున్న మనవాళ్లకు పెద్ద వాన వచ్చినప్పుడు టెన్షన్ పెట్టేది ఈ గది చుట్టూ ఉండే రబ్బరు సీలే.

రబ్బరు ఇంకా మెత్తగా ఉండి, మూల దగ్గర చిన్న చిరుగు మాత్రమే ఉంటే అతుకు చాలు. ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక రబ్బరుకు పట్టే జిగురుతో అంటించి, ఒక రోజు స్లైడ్‌ను కదపకండి. ఖర్చు తక్కువ. కానీ సందుల్లో సిలికోన్ మాత్రం కూరకండి. గది కదిలినప్పుడల్లా అది ఊడుతుంది, పైగా ఆ మరక మీద తర్వాత ఏ జిగురూ సరిగా అంటదు.

నొక్కితే తిరిగి లేవని, ఎండకు పగిలిన సీల్‌కు అతుకు వేస్తే డబ్బు దండగ. మొత్తం మార్చాల్సిందే. ఇక్కడ చాలామంది పొరపడేది ఎంపికలో. బల్బ్ సీల్ నొక్కుకుని నీటిని ఆపుతుంది. వైపర్ సీల్ గది కదిలేటప్పుడు గోడను తుడుస్తుంది. ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు. పాత సీల్ నుంచి చిన్న ముక్క కోసి, అదే ఆకారం, అదే కొలత చూసి కొనండి. పాత జిగురు గీకడానికే సగం రోజు పడుతుంది, తొందరపడకండి.

ఏది చేసే ముందైనా గొట్టంతో కింద మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్తూ నీళ్లు కొట్టి, ఎక్కడ కారుతోందో చూడండి. గది వంకరగా కూర్చుంటే కొత్త సీల్ కూడా కారుతుంది. ముందు దాన్ని సరిచేయించాలి. నేల చెక్క మెత్తబడిందంటే నీళ్లు చాలాకాలంగా దిగుతున్నట్టే. అలాంటప్పుడు నేనైతే అతుకు జోలికే వెళ్లను.