కిసుములో మా బొగ్గుల పొయ్యి: పదకొండు నెలలు వాడిన తర్వాత

పొయ్యి గురించి ఇంత రాయాలా అని మావారు నవ్వుతున్నారు. రోజూ దాని ముందు పీట వేసుకుని కూర్చునేది ఆయన కాదు కదా. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాకు సేవకు వెళ్ళిన జాన్ రంగయ్య గారి గురించి మావారు ప్రతి కూటంలోనూ చెబుతారు. ఆయనతో పాటు ఓడెక్కిన భార్య అక్కడి నాతాల్‌లో దేని మీద వండిపెట్టిందో మాత్రం ఇంతవరకు ఏ ప్రసంగంలోనూ వినలేదు. అందుకే నా పొయ్యి సంగతి నేనే రాస్తున్నాను.

మేము ఒంగోలు నుంచి కెన్యాలోని కిసుముకు వచ్చి ఏడాది దాటింది. ఆయన ఇక్కడ ఒక చిన్న బైబిలు పాఠశాలలో బోధిస్తారు, ఆదివారాలు ఊరి బయటి సంఘాలకు వెళ్తారు. నేను స్త్రీల కూడిక చూసుకుంటాను. వచ్చిన కొత్తలో పదమూడు కిలోల గ్యాసు సిలిండరు కొన్నాం. అది సరిగ్గా నెలాఖరుకు అయిపోయేది. మా సంఘం పంపే కానుక మాత్రం నెలాఖరుకు అందేది కాదు, బ్యాంకులన్నీ దాటుకుని వచ్చేసరికి ఒక్కోసారి పదో తేదీ అయ్యేది. ఆ మధ్య రోజులు గట్టెక్కడానికి ఆరు వందల షిల్లింగులు పెట్టి ఈ జికో కొన్నాను. ఇప్పుడు సిలిండరు మూలన ఉంది, పొద్దున్నే టీ కాచుకోవడానికి మాత్రం దాని దగ్గరికి వెళ్తాను.

జికో అంటే స్వాహిలీలో పొయ్యి. నేను కొన్నది కెన్యా సిరామిక్ జికో అనే రకం. పైనా కిందా వెడల్పు, నడుము సన్నం, అచ్చం డమరుకం. బయట పాత డ్రమ్ముల రేకు, లోపల కాల్చిన మట్టితో చేసిన గిన్నె, దాని అడుగున చిల్లులు, కింద బూడిద పడే అరకు ఒక చిన్న తలుపు. థాయిలాండ్‌లో వాడే బకెట్ పొయ్యిని చూసి, 1980ల మొదట్లో దీన్ని ఇక్కడి వాడుకకు తగ్గట్టు మలిచారు. అంతకు ముందు ఉత్త రేకు జికోలే ఉండేవి. వాటిని ఈ దేశానికి తెచ్చింది రైలుమార్గం వేయడానికి వచ్చిన భారతీయ కూలీలని చెబుతారు. 1896లో మొంబాసాలో మొదలైన ఆ పట్టాలు 1901లో వచ్చి ఆగింది మా కిసుములోనే. ఆ లెక్కన ఇది మా నాయనమ్మ కుంపటికి దూరపు చుట్టం. ముఖం చూస్తే పోలిక తెలుస్తుంది కూడా.

కొన్నది కిబుయే మార్కెట్లో. అక్కడ పెద్ద సంత ఆదివారం. ఆదివారం నేను ఆరాధనలో ఉంటాను కాబట్టి నాకెప్పుడూ మంగళవారం మిగిలిన సరుకే దక్కుతుంది. రేకుల పని చేసేవాళ్ళను ఇక్కడ జువా కాలి అంటారు, మండుటెండ అని అర్థం. నీడ లేని చోట కూర్చుని రోజంతా సుత్తితో కొడతారు మరి. కొనేటప్పుడు కుండను చూసినట్టే లోపలి మట్టిగిన్నెను వేలితో కొట్టి చూడండి. ఖంగుమనాలి. మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టే. ఈ మాట నాకు తర్వాత తెలిసింది.

మంట విషయంలో దీనికి వంక పెట్టలేను. రేకు పొయ్యి వేడినంతా పక్కలకు వదిలేస్తుంది, ఇందులో మట్టి ఆ వేడిని పట్టి ఉంచుతుంది. బొగ్గులో మూడో వంతు నుంచి సగం దాకా మిగులుతుందని ఇక్కడ చెప్పేమాట. పక్కింటావిడ రేకు జికోకు రోజుకు రెండు డబ్బాల బొగ్గు పోస్తుంది, నాకు ఒక డబ్బా పైన గుప్పెడు చాలు. కందిపప్పు కుక్కరు లేకుండా మెల్లగా ఉడికి వెన్నలా అవుతుంది. ఇక్కడి చెవుల్లేని అల్యూమినియం గిన్నెను సుఫురియా అంటారు, జికో మూడు కాళ్ళ మీద అది కుదురుగా కూర్చుంటుంది. నా కుక్కరు మాత్రం కూర్చోలేదు. దాని బరువుకు రెండో నెలలోనే ఒక కాలు వంగింది. చపాతీలు బాగా పొంగుతాయి. దోసెల ఆశ వదులుకోండి. నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగానే ఉంటాయి. ఇక్కడి విక్టోరియా సరస్సులో పట్టే ఒమేనా అనే చిన్న చేపలు మన నెత్తళ్ళలాగే ఉంటాయి. చింతపండు ఇక్కడా దొరుకుతుంది, ఉక్వాజు అని అడగాలి. ఆ రెండూ కలిపి సన్నని సెగ మీద పులుసు పెట్టిన రోజు మావారు మిషనరీ జీవితంలోని త్యాగాల గురించి ఏమీ మాట్లాడలేదు.

సెగ తగ్గించాలంటే కింది తలుపు మూయాలి, పెంచాలంటే తెరిచి అట్టముక్కతో విసరాలి. అంటించడమే అసలు కష్టం. మొదటి వారం కిరోసిన్ పోసి అంటించాను. అన్నం, పప్పు, చివరకు మంచినీళ్ళు కూడా కిరోసిన్ వాసనే. పక్కింటావిడ గోడ మీంచి చూసి చూసి, ఇక ఆగలేక, ఎండిన మొక్కజొన్న బెండ్లు తెచ్చి తానే అంటించి చూపింది. నన్ను మామా మ్చుంగాజీ అని పిలుస్తుంది. ఇక్కడ మామా అంటే అమ్మ. మ్చుంగాజీ అంటే పశువులను కాసేవాడూ అవుతాడు, సంఘ కాపరీ అవుతాడు. ఇప్పుడు సాయంత్రం వరండాలో నా జికో అంటుకోగానే గోడ అవతల నుంచి దగ్గు వినిపిస్తుంది, తర్వాత ఆమె వస్తుంది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. గ్యాసు మీద వండిన రోజుల్లో ఒక్కరూ వచ్చేవారు కాదు. వంటింటి తలుపు తట్టి లోపలికి రావడానికి మొహమాటం, వరండాలో నిప్పుల దగ్గర కూర్చోవడానికి ఏమీ లేదు. నా స్వాహిలీ సగం అక్కడే వచ్చింది.

ఇక హెచ్చరిక. పొగ రాదు కదా అని మోసపోకండి. ఏప్రిల్ వానల్లో ఒక సాయంత్రం జల్లు కొడుతోందని జికోను వంటింట్లోకి తెచ్చి తలుపూ కిటికీ మూసేశాను. అరగంటకు తల బరువెక్కింది, కళ్ళు తిరిగాయి. అలసట అనుకున్నాను. మావారు వచ్చి తలుపు తెరవకపోతే ఏమయ్యేదో. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. వాన పడితే చూరు కిందైనా వండండి, లేదా ఆ పూట రొట్టె తినండి. నిద్రపోయే గదిలోకి మాత్రం దీన్ని ఎప్పుడూ తీసుకెళ్ళవద్దు.

ఎనిమిదో నెలలో మట్టిగిన్నె నిలువునా చీలింది. తప్పు నాదే. మిగిలిన నిప్పులు పొదుపు చేద్దామని రోజూ చెంబెడు నీళ్ళు చల్లేదాన్ని, కాలిన మట్టి ఆ చల్లదనానికి తట్టుకోలేదు. నిప్పులను మూత ఉన్న డబ్బాలో వేసి మూసేస్తే అవే ఆరిపోతాయి, మర్నాడు మళ్ళీ పనికొస్తాయి. గిన్నె ఒక్కటీ విడిగా దొరుకుతుంది. మార్కెట్లో ఒక ముసలాయన రెండు వందల యాభై షిల్లింగులకు కొత్తది పెట్టి సిమెంటుతో అతికించి, మూడు రోజులు ఆరనివ్వమన్నాడు. నేను రెండో రోజే అంటించాను. అతుకు కాస్త ఊగుతోంది, అది కూడా నా లెక్కలోనే వేసుకుంటున్నాను.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గిన ఆ ఒక్కటీ వంగిన కాలుకు.

చీలిన పాత గిన్నెలో మట్టి పోసి ధనియాలు చల్లాను. పక్కింటావిడ మొలకలు చూసి "ధానియా" అంది. తెలుగు ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. అది తమ మాటేనట. కాసేపు వాదించుకుని, ఇద్దరం చెరి నాలుగు ఆకులు తుంచుకుని కూరలో వేసుకున్నాం.