పాత ఇంటి సీసం పెయింట్: గోకించాలా, కప్పేయాలా, మార్చేయాలా?

పాత ఇంట్లోకి దిగగానే కళ్లు పోయేది పెచ్చులూడిన గోడల మీదికి, రంగు లేచిన తలుపుల మీదికి. శుభ్రంగా గోకించేసి కొత్త రంగు వేయిస్తే పీడా పోతుందనిపిస్తుంది. ఆ పాత రంగులో సీసం ఉంటే మాత్రం పీడ మొదలయ్యేదే ఆ గోకుడుతో.

గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం సీసం పెయింట్‌తో పెద్దగా ఇబ్బంది లేదు. పొడి అయినప్పుడే టెన్షన్. నేల మీద పాకే పిల్లల చేతులకు అది అంటుకుంటుంది, ఆ చేతులు నోట్లోకి పోతాయి. మింగిన సీసం పెద్దవాళ్లకన్నా చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది, ఎదిగే మెదడును దెబ్బ తీస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అనగలిగే మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒక్క ప్రశ్నతోనే తూస్తాను: దానివల్ల ఎంత దుమ్ము లేస్తుంది?

అసలు సీసం ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. భారత్‌లో అది 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్ని, అందులోనూ తలుపులకు, కిటికీలకు, గ్రిల్స్‌కు వేసిన ఎనామెల్‌ని అనుమానించాల్సిందే. ముదురు పసుపు, నారింజ రంగుల్ని ఇంకాస్త ఎక్కువగా. ఎండిన చెరువు అడుగులా రంగు గళ్లుగళ్లుగా పగిలిందంటే అనుమానం బలపడుతుంది గానీ, కంటితో చూసి తేల్చలేం. ఒక పెచ్చును ల్యాబ్‌కు పంపాలి, లేదా ఎక్స్‌రేలతో రంగులోని సీసాన్ని పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్‌తో చూపించాలి.

ఇక గోకడం సంగతి. పొడిగా శాండ్‌పేపర్ పట్టారంటే ఇల్లంతా సీసం పొడే. బ్లోల్యాంప్‌తో కాల్చి తీయడం మరీ ఘోరం, సీసం పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తప్పనిసరై తీయించాలంటే ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించాలి. రంగును తడుపుతూ తీయాలి, నేలంతా ప్లాస్టిక్ షీట్ పరవాలి, చివర్లో సన్నటి పొడిని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడాలి. మామూలు వాక్యూమ్ అయితే ఆ పొడిని వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. పని పూర్తయ్యి, తుడిచి శుభ్రం చేసేదాకా పిల్లలు, గర్భిణులు ఆ ఇంట్లో ఉండకూడదు.

గోడలకైతే కప్పేయడమే మేలని నా లెక్క. మామూలు పెయింట్ ఒక కోటింగ్ వేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. కింది రంగు లేచినప్పుడు పైది కూడా దాంతోపాటే ఊడొస్తుంది. సీసం పెయింట్ మీద వేయడానికే తయారైన మందపాటి పూతలు వేరే ఉన్నాయి. కింది పొర గట్టిగా ఉంటే అవి చాలు. అప్పటికే పొరలు ఊడుతుంటే గోడకు బోర్డు కొట్టించి, అంచులు సందు లేకుండా మూయించడం నయం. దుమ్ము తక్కువ, ఖర్చూ తక్కువే. కాకపోతే సీసం లోపలే ఉంటుంది కాబట్టి, రేపు అక్కడ మేకు కొట్టేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

కిటికీల దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. తీసి వేసిన ప్రతిసారీ రెక్క చౌకట్టుకు రాసుకుంటుంది, ఎంత మంచి పూతైనా అరిగిపోతుంది. ఆ పొడి రాలేది కిటికీ గట్టు మీద. బయటికి చూడాలని పిల్లాడు రెండు చేతులూ ఆనించేది, ఒక్కోసారి పళ్లు దిగేసేదీ ఆ గట్టు మీదే. అందుకే డబ్బు కొంచెమే ఉంటే గోడల్ని ఆపైనా సరే కిటికీలు మార్పించమంటాను. బిగుసుకుని రాసుకునే తలుపులదీ అదే దారి. పాతవి ఊడదీసేటప్పుడు కూడా తడపడం, షీట్ పరవడం తప్పదు.

అద్దె ఇల్లయి ఓనర్ కదలకపోతే? ఆ కిటికీని మూసే ఉంచండి, పిల్లల మంచం దాని పక్కనుంచి జరపండి, పెచ్చులు లేచిన చోట టేపు అంటించండి. చీపురు పట్టకుండా తడిగుడ్డతో గట్టు, నేల తరచూ తుడవండి. పిల్లల చేతులు తినేముందూ, పడుకునేముందూ కడగండి. ఒంట్లో సీసం చేరినా చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనిపించదు. అది రక్తపరీక్షలోనే తేలుతుంది, కాబట్టి డాక్టర్‌ని అడిగి ఆ పరీక్ష చేయించండి.